టైలరక్క మోటారు

టైలరక్క పాత కుట్టుమిషను మోటారు పోయింది. ఆ సంగతి ఆమెకి మంగళవారం పొద్దున్న, కాఫీ కూడా తాగకముందే తెలిసింది.

కొత్త మిషను వచ్చాక పాతదాన్ని ముందుగదిలో మూలకి జరిపి, మీద ఒక దుప్పటి కప్పి ఉంచింది. ఆ దుప్పటి మడత చూడగానే ఆమె కనుబొమ్మలు దగ్గరకొచ్చాయి. అక్క ఏ గుడ్డ మడిచినా అంచు లోపలికి వేస్తుంది. ఇది బయటికి వేలాడుతోంది. ఎత్తి చూస్తే మిషను ఉంది, చక్రం ఉంది, బెల్టు తెగిన తోకలా వేలాడుతోంది. మోటారు ఉండాల్సిన చోట మాత్రం రెండు స్క్రూల కన్నాలు ఆమెని చూసి వెక్కిరిస్తున్నాయి.

ఇక ఆ పూట ఆమె అనుమానం ఊరేగింపుకి బయల్దేరింది. గుండీలు కుట్టే మనిషి నిన్న త్వరగా ఎందుకు వెళ్ళింది? మంచినీళ్ళ డబ్బా వేసేవాడు గుమ్మం దగ్గర అంతసేపు ఏం చూశాడు? పక్కింటి ఇస్త్రీ అతను ఈ మధ్య మరీ మర్యాదగా పలకరిస్తున్నాడేం? మర్యాద ఎక్కువైందంటే లోపల ఏదో ఉందన్నమాటే.

ఆమెని తప్పు పట్టడానికి లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మనుషుల నడుముకి టేపు చుట్టి బతికిన మనిషి. చదువు మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది గానీ అంకెల దగ్గర ఆమెని మోసం చేసినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఆ వృత్తిలో ఆమె నేర్చుకున్న పాఠం ఒక్కటే. నడుము కొలత అడిగితే ప్రతి మనిషీ అబద్ధమే చెబుతాడు. జడ్జీ చెబుతాడు, డాక్టరమ్మ చెబుతుంది, పెళ్ళికూతురు చెబుతుంది, పెళ్ళికూతురి తరఫున తల్లి ఇంకో అంగుళం తగ్గించి చెబుతుంది. అందుకే ఆమె ఎవరినీ అడగదు. టేపు తీసి తనే కొలుస్తుంది.

మధ్యాహ్నం జాకెట్టుకి చేతులు అతుకుతుండగా వెనక గదిలోంచి ఒక శబ్దం వచ్చింది. ముందు గుర్రుమని సన్నగా, తర్వాత గోడ అదిరేంత లావుగా. ఆమె పాదం పెడల్ మీద ఆగిపోయింది. అది ఆమె మోటారు గొంతు. పంతొమ్మిదేళ్ళు దాంతో పని చేసింది. వేగం పెంచితే మొదట కొంచెం పాడుతుంది, ఆ తర్వాతే పరుగెడుతుంది. కన్నబిడ్డ ఏడుపు పోల్చుకోలేని తల్లి ఉందేమో గానీ, అక్క ఆ మోటారుని పోల్చుకోలేకపోవడం జరగదు.

చేతిలో కత్తెరతోనే వెళ్ళి వెనక గది తలుపు తోసింది.

గది నిండా తమ్ముడి విమానం ఉంది. విమానమంటే మొత్తం కాదు, దాని ముక్కు. పైలట్లు కూర్చునే చోటు. ప్లైవుడ్ గోడలు, ముందు మూడు కంప్యూటర్ తెరలు, తల మీద వందకి పైగా స్విచ్‌లు, మధ్యలో పొడవాటి దిమ్మె, దాని మీద రెండు లీవర్లు. ఎడమ సీటు కింద, నాలుగు బోల్టులతో బిగించి, ఇరుసుకి ఒక పక్క మాత్రం ఇనప ముక్క కట్టి ఉంది ఆమె మోటారు. ఒక పక్కే బరువు ఉండటంతో అది తిరిగినప్పుడల్లా సీటు వణుకుతోంది.

"ఒరేయ్! అడిగితే ఇవ్వనా?" అని అరిచింది.

తమ్ముడు తల తిప్పలేదు. కుడి పక్క నుంచి అరిస్తే అతనికి వినపడదు. అక్క ఎడమ పక్కకి వచ్చి మళ్ళీ అదే అరుపు మొదటి నుంచి అరిచింది.

"ఇవ్వవు," అన్నాడు తమ్ముడు.

అదీ నిజమే కాబట్టి ఆమె కత్తెర కిందికి దించింది.

ఈ తమ్ముడు ఇరవై ఎనిమిదేళ్ళు విమానాల కింద నిలబడ్డాడు. ముక్కు కింద నుంచుని, వైరున్న హెడ్‌ఫోన్ తగిలించుకుని, పైనున్న పైలట్‌తో మాట్లాడటం అతని ఉద్యోగం. వెనక బండి లేదు, మనిషి లేడు, రెండో ఇంజను తిప్పుకోవచ్చు అని ఇతను చెబితే తప్ప పైవాడు స్విచ్ ముట్టుకోకూడదు. అలా కొన్ని వేల ఇంజన్లు ఇతని మాట మీద తిరిగాయి. పైన కూర్చుని ఒక్కదాన్ని కూడా తిప్పింది లేదు. చివరికి ఆ ఇంజన్ల హోరుకే కుడి చెవి పోయింది. ఏటా జరిగే పరీక్షలో సంగతి బయటపడగానే బ్యాడ్జీ తీసుకుని ఇంటికి పంపేశారు. అయిదేళ్ళయింది. మొదటి రెండేళ్ళు కిటికీ దగ్గర కూర్చుని ఆకాశం చూసేవాడు. అక్క కుట్టుకుంటూ ఆ వీపుని చూసేది. మూడో ఏడు ఎక్కడినుంచో ఒక స్విచ్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అదుగో, ఆ స్విచ్ చుట్టూ పెరిగిందే ఈ గది.

"ఇంజను పట్టుకునేటప్పుడు సీటు చెప్పాలక్కా," అన్నాడు. "మీటరు తర్వాత చెబుతుంది. ముందు సీటు చెబుతుంది. ఆ వణుకు కోసం ఆర్నెల్లు వెతికాను. నీ మోటారు తప్ప ఏదీ అలా లేవడం లేదు."

పొగడ్త అని అక్కకి తెలిసింది. పొగడ్త వెనక ఏదో ఉంటుందని కూడా తెలుసు. "ఏం కావాలిరా నీకు?" అంది.

తమ్ముడు జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు. పైలట్లకి చదువు చెప్పే స్కూలు నుంచి వచ్చింది. కొత్త పిల్లలకి ఇంజను స్టార్ట్ చేయడం నేర్పడానికి ఇలాంటి పెట్టె ఒకటి కావాలట. వచ్చే నెల మొదటి శనివారం ఒక టీచరు వచ్చి చూస్తుందట. నచ్చితే పెట్టెని తీసుకుంటారు. దాన్ని నడిపేందుకు ఇతన్నీ తీసుకోవచ్చునట.

అక్క ఆ కాగితాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివింది. పెట్టె గురించి 'తీసుకుంటాము' అని ఉంది. మనిషి గురించి 'తీసుకోవచ్చును' అని ఉంది. ఆ రెండు మాటల మధ్య ఉన్న సందులోంచి తమ్ముడు జారి మళ్ళీ కిటికీ దగ్గర పడతాడేమోనన్న భయం ఆ క్షణమే ఆమెకి పట్టుకుంది. భయం పట్టుకుంటే అందరూ దేవుడికి మొక్కుకుంటారు. అక్క మాత్రం నిఘా పెడుతుంది.

నిఘాకి మొదట దొరికినవాడు కెప్టెన్.

ప్రతి శనివారం మూడింటికి వచ్చేవాడు. నెరిసిన జుట్టు, నల్లకళ్ళద్దాలు, మడత నలగని తెల్లచొక్కా. తమ్ముడు కెప్టెన్ అని పిలుస్తాడు, కాబట్టి అతను కెప్టెన్. ఎడమ సీట్లో కూర్చుంటాడు. తమ్ముడు ప్లైవుడ్ ముక్కు కింద చిన్న స్టూలు వేసుకుని, పాత హెడ్‌ఫోన్ పెట్టుకుని, అప్పటిలాగే రెండు వేళ్ళు పైకెత్తి తిప్పుతాడు. పైనుంచి కెప్టెన్ గంభీరంగా మొదలుపెడతాడు. తోకలో ఉన్న చిన్న ఇంజను గాలి ఇస్తుంది. ఆ గాలి పెద్ద ఇంజన్ని తిప్పుతుంది. వేగం చూపే ముల్లు పాతిక దగ్గరకి రాగానే లీవరు ఎత్తితే ఇంధనం పడుతుంది, మంట అంటుకుంటుంది, వేడి చూపే ముల్లు లేస్తుంది.

"టెంపరేచర్ లేస్తోంది... ఆయిల్ ప్రెషర్ వచ్చింది... నిలబడింది," అంటాడు. రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది గొంతు.

ఆ గొంతు వింటూ తమ్ముడి ముఖం వెలిగిపోతుంది. అక్కకి ఒళ్ళు మండిపోతుంది. మాటలు అంత నున్నగా వచ్చేవాడిని ఆమె ఇంతవరకు ఒక్కరినే చూసింది. వాడు రంగు పోదని చెప్పి గుడ్డ అమ్మాడు.

టీ ఇచ్చే వంకతో వెళ్ళి వెనక నిలబడి చూడసాగింది. నాలుగు శనివారాలు చూసింది.

మొదటి శనివారం గమనించింది ఇది. ఇంజను పట్టుకుని వేడి ముల్లు ఇంకా లేస్తుండగానే, టీ గ్లాసు కోసం అతని చెయ్యి లీవరు మీద నుంచి లేచింది. గుడ్డలో సూది దిగి ఉండగా చక్రం మీద నుంచి చెయ్యి తీసేవాడు దర్జీ కాదు. పైగా లీవర్ల పక్కన తమ్ముడే ఎర్ర సిరాతో రాసి అతికించాడు, ముల్లు నిలబడేదాకా చెయ్యి తియ్యరాదని. కుట్టుమిషనుకున్న మర్యాద విమానానికి లేదా?

రెండో శనివారం, స్విచ్ తిప్పే ముందు అతని రెండు కాళ్ళూ నేలని ఒక్కసారి నొక్కాయి. అక్కడ నొక్కడానికి ఏమీ లేదు.

మూడో శనివారం, అక్క వెనక కొంచెం కదలగానే అతను మెడ తిప్పి చూడలేదు. తల నిటారుగానే ఉంచి, కళ్ళు మాత్రం పైకెత్తి, నుదుటికి ఎదురుగా ఉన్న ఖాళీ చెక్కలోకి చూశాడు. అక్కడేముందని? అక్క వంగి చూసింది. చెక్కే ఉంది.

ఆ రాత్రి ఆ చెక్కే ఆమెకి నిద్ర పట్టనివ్వలేదు. తెల్లారి పాల కోసం రోడ్డు మీదికి వెళ్ళి, ఆగి ఉన్న సిటీ బస్సుని చూసి, పాల ప్యాకెట్లు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. డ్రైవరు తల నిటారుగా ఉంచి, కళ్ళు పైకెత్తి, అద్దంలో వెనక ఎక్కేవాళ్ళని చూస్తున్నాడు.

ఇంటికొచ్చి వెనక గదిలోకి వెళ్ళి ఆ రెండు సీట్లని చేత్తో తడిమింది. రెక్సిన్ అంచుకి పెద్దపెద్ద కుట్లు. సీట్లు కెప్టెనే తెచ్చాడని, తెలిసినవాళ్ళ దగ్గర ఊరికే దొరికాయని తమ్ముడు చెప్పాడు. బస్సు సీటు కవర్లు ఆమె రెండేళ్ళు కుట్టింది. విమానంలో కూర్చోలేదు గానీ బస్సు కుట్టు తెలుసు.

నాలుగో శనివారం ఆమె ఎదురు చూసినట్టు పెళ్ళిచూపులకి కూడా ఎవరూ ఎదురు చూసి ఉండరు. తమ్ముడు ముక్కు కింద స్టూలు మీద హెడ్‌ఫోన్‌తో ఉన్నాడు. కెప్టెన్ పైన స్విచ్ తిప్పాడు. మోటారు గుర్రుమంది. అక్క చప్పుడు లేకుండా వెనక్కి వచ్చి ప్లైవుడ్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, గొంతు చించుకుని అరిచింది.

"ఆపండాపండి! దిగాలి!"

కెప్టెన్ రెండు కాళ్ళూ నేలని దబ్బున తొక్కాయి. ఎడమ చెయ్యి అక్కడ లేని స్టీరింగుని పక్కకి లాగింది. కళ్ళు పైకెళ్ళి లేని అద్దంలో అక్కని వెతికాయి. ఇంజను మాత్రం తన మానాన తను తిరుగుతోంది.

తర్వాత నల్లకళ్ళద్దాలు తీసి మెల్లగా వెనక్కి తిరిగాడు. అద్దాలు లేకపోతే అతని ముఖం చాలా మామూలుగా ఉంది.

"ఎన్నో నంబరు బస్సయ్యా నీది?" అంది అక్క.

"నంబరు లేదండీ," అన్నాడతను. గొంతులోంచి వార్తలు పోయాయి. "సిబ్బంది బస్సు. పైలట్లని గేటు దగ్గర ఎక్కించుకుని విమానం మెట్ల దగ్గర దించేవాణ్ణి. ఇరవై ఆరేళ్ళు."

"మెట్లు ఎన్నిసార్లు ఎక్కావు?"

"ఎక్కనివ్వరండీ."

"మరి ఈ చదువంతా?"

"వాళ్ళు వెనక సీట్లలో మాట్లాడుకుంటారు కదా. పరీక్షలుంటే వల్లె వేసుకుంటారు. ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు. కొన్నాళ్ళకి వాళ్ళు తప్పు చెబితే నేనే చెప్పేవాణ్ణి. అప్పటినుంచి కెప్టెన్ అని పిలవడం మొదలెట్టారు. ఎగతాళికేలెండి."

అక్కకి రావాల్సిన సంతోషం వచ్చింది, కానీ అనుకున్నంత రాలేదు. వచ్చినంతా గుప్పిట్లో పట్టుకుని వీధి గుమ్మం దాకా అతన్ని సాగనంపి, తమ్ముడి దగ్గరికి నడిచింది. తమ్ముడు అప్పటికే హెడ్‌ఫోన్ తీసి వైరు చుడుతున్నాడు.

"వాడు కెప్టెనూ కాదు, వాడి మొహమూ కాదు. బస్సు డ్రైవరు!"

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"ఇరవై ఎనిమిదేళ్ళు పైలట్ల గొంతులు విన్నాను. నిజం పైలట్ అంత శ్రద్ధగా మాట్లాడడు, సగం మాటలు మింగేస్తాడు. మొదటి రోజే తెలిసింది. అయినా తెలుసుకోవడానికేముంది? నా బ్యాడ్జీ తీసుకున్న రోజు నన్ను గేటు దగ్గర దించింది ఈయన బస్సే. అందులో నేనొక్కణ్ణే. దిగేటప్పుడు చెయ్యి కలిపాడు. మళ్ళీ ఎవరూ కలపలేదు."

అక్క అతని చేతిలోని వైరు లాక్కుంది. "నాలుగు వారాల నుంచి నేను నిద్ర మానుకుని చస్తుంటే నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు కనిపెట్టడంలో ఎంత హాయిగా ఉన్నావో చూశాను. చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను."

ఆ పూట వాళ్ళింట్లో గిన్నెలు చాలా చప్పుడు చేశాయి.

కానీ కోపం ఒక పక్క, శనివారం ఒక పక్క. ఇంకా వారమే ఉంది. వచ్చే టీచరమ్మ అక్కలాగ నాలుగు వారాలు తీసుకోదు, నాలుగు నిమిషాల్లో కనిపెడుతుంది. అసలు ఆ సీట్లో వేరే ఎవరినైనా కూర్చోబెట్టమంది అక్క. "పైన మాట్లాడే మనిషి లేకపోతే కింద నేనెవరితో మాట్లాడనక్కా?" అన్నాడు తమ్ముడు. ఆ మాట అన్నప్పుడు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ వీపు అక్కకి బాగా గుర్తు.

మర్నాడు పొద్దున్నే కెప్టెన్‌కి కబురెళ్ళింది. భయపడుతూ వచ్చాడు. అక్క ఎడమ సీటు వెనక ముక్కాలిపీట వేసుకుని, గుడ్డ కొలిచే చెక్క స్కేలు పట్టుకుని కూర్చుంది.

"చూడవయ్యా. నా ఇంట్లో రెండు షరతులు. అడగనిది చెప్పక్కర్లేదు. అడిగితే అబద్ధం చెప్పకూడదు. ఒప్పుకుంటే స్టార్ట్ చెయ్యి."

"చిత్తం అక్కగారూ."

అతను స్టార్ట్ చేశాడు. ఇంజను పట్టుకుంది. వేడి ముల్లు లేస్తోంది. కుడి చెయ్యి అలవాటుగా లీవరు మీద నుంచి లేచింది. టప్పున స్కేలు పడింది.

"అబ్బా!"

"సూది గుడ్డలో ఉంది. చెయ్యెందుకు తీశావు?"

"సూదేమిటండీ?"

"నీ తల. ముల్లు నిలబడేదాకా చెయ్యి అక్కడే. దురద పుట్టినా అక్కడే. నేను చచ్చిపోయానని అరిచినా అక్కడే."

తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. అయితే అక్క ఊరికే కొట్టడం లేదు. ఆ పెట్టెలో ఒక పితలాటకం ఉంది. నిజం ఇంజను ఏ రెండు రోజులూ ఒకలాగ లేవదని తమ్ముడికి తెలుసు. అందుకని కంప్యూటర్‌లో అలాగే రాసి పెట్టాడు. పది పన్నెండు స్టార్టుల్లో ఒకటి చెడుతుంది. ఎప్పుడు చెడుతుందో రాసినవాడికీ తెలియదు. ఇంధనం పడుతుంది గానీ గాలి చాలదు. వేడి ముల్లు నడవదు, దూకుతుంది. ఎర్రగీత దాటేలోపు లీవరు కిందికి లాగెయ్యాలి. అప్పుడు చెయ్యి దాని మీద ఉంటేనే లాగగలవు. లాగాక తల మీది గాలి స్విచ్ మాత్రం కట్టెయ్యకూడదు. గాలిని ఇంకాసేపు తిరగనిచ్చి లోపలి వేడి చల్లార్చాలి.

ఆ రెండోది కెప్టెన్‌కి ఒక పట్టాన ఎక్కలేదు. బండి చెడితే తాళం తిప్పి ఆపెయ్యడం ఇరవై ఆరేళ్ళ అలవాటు. లీవరు లాగిన మరుక్షణం ఎడమ చెయ్యి పైస్విచ్ మీదికి ఎగిరేది. అక్క ఆ చేతికీ స్కేలు పరిచయం చేసింది. శుక్రవారానికి అతని రెండు చేతుల మీదా వేలి కణుపులు కందిపోయాయి.

శనివారం పదిన్నరకి టీచరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, చెవి వెనక పెన్ను, చంకలో ఫైలు. అక్క గుమ్మంలోనే ఆపి ఆమె కోటుని కళ్ళతోనే కొలిచింది. చేతులు ముప్పావంగుళం పొడుగున్నాయి. కోటు ఎవరిదో, మనిషి ఎవరో అని కార్డు చూపించమంది. కార్డు మీది ఫోటోని, ముఖాన్ని మూడుసార్లు పోల్చి చూసింది.

"ఎయిర్‌పోర్టులో కూడా ఇంత చూడరండీ," అంది టీచరమ్మ నవ్వుతూ.

"వాళ్ళకి జీతాలమ్మా," అంది అక్క. "నాకు తమ్ముడు."

టీచరమ్మ కుడి సీట్లో కూర్చుంది. ఎడమ సీట్లో కెప్టెన్, ఇవాళ నల్లకళ్ళద్దాలు లేకుండా. కింద స్టూలు మీద తమ్ముడు. వెనక ముక్కాలిపీట మీద అక్క, ఒళ్ళో స్కేలు.

మొదటి స్టార్టు పట్టులాగ సాగింది. ఇంధనం పడగానే ఎడమ సీటు మొదట సన్నగా పాడి, తర్వాత కుడి సీటుతో సహా వణికింది. టీచరమ్మ రాస్తున్న పెన్ను ఆగింది. "ఇదెక్కడిది? మా దగ్గరున్న వాటిలో తెరలే ఉన్నాయి, ఈ వణుకు లేదు. పిల్లలు మీటర్లు చదువుతారు గానీ ఇంజన్ని వినరు," అంది.

"అది నాది," అంది అక్క వెనక నుంచి. "అరువు."

రెండో స్టార్టుకి టీచరమ్మ కిందికి దిగి తమ్ముణ్ణి పరీక్షించింది. కుడి పక్క నుంచి ఏదో అడిగింది. అతను పలకలేదు. టీచరమ్మ ఫైల్లో ఏదో రాసుకుంది. అప్పుడు తమ్ముడు అరచెయ్యి ప్లైవుడ్‌కి ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇంధనం పడింది... పట్టుకుంది... ఇప్పుడు సగం దాటింది," అని ఒక్కొక్కటే చెప్పాడు. తెరలు అతనికి అటు పక్కన ఉన్నాయి. టీచరమ్మ వంగి మీటరు చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. ఏమీ అనకుండా సీట్లోకి ఎక్కింది. ఏమీ అననివాళ్ళంటే అక్కకి అసలే గిట్టదు.

మూడోది చెడింది.

లీవరు ఎత్తగానే సీటు పాడలేదు, మూలిగింది. వేడి ముల్లు నడవలేదు, దూకింది. కాళ్ళు నేలని తొక్కాయి. కాళ్ళకి అక్క స్కేలు అందలేదు మరి. కానీ కుడి చెయ్యి లీవరు మీదే ఉంది. ఎర్రగీతకి వెంట్రుకవాసిలో లాగేశాడు. ఎడమ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. అక్క చిన్నగా దగ్గింది. ఆ చెయ్యి గాలిలోనే ఆగి, బుద్ధిగా వచ్చి ఒళ్ళో కూర్చుంది.

గాలి తిరుగుతోంది. ముల్లు మెల్లగా దిగింది.

"చాలా బాగా పట్టుకున్నారు," అంది టీచరమ్మ. "ఎన్ని గంటలు ఎగిరారు సార్?"

ముక్కు కింద తమ్ముడు హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ మాట హెడ్‌ఫోన్‌లో స్పష్టంగా వినపడింది. కెప్టెన్ తల నిటారుగానే ఉంచి కళ్ళు పైకెత్తాడు. ఖాళీ చెక్క.

"ఒక్క గంట కూడా లేదమ్మా. నేను సిబ్బంది బస్సు నడిపేవాణ్ణి," అన్నాడు.

"మరి చెయ్యి తియ్యకూడదని ఎవరు నేర్పారు? మా పిల్లలకి మూడు నెలలైనా అబ్బదు."

కెప్టెన్ కందిన కణుపులు చూపించి వెనక్కి సైగ చేశాడు. టీచరమ్మ తిరిగి స్కేలుని చూసింది, అక్కని చూసింది. నవ్వు ఆపుకుంటూ ఫైలు మూసింది. "పెట్టె చాలా బాగుంది. మా రిపోర్టులో అలాగే రాస్తాను. వచ్చే వారం బండి పంపించి తీసుకెళతారు."

"పెట్టె," అంది అక్క. "మనిషో?"

టీచరమ్మ నవ్వు కొంచెం తగ్గింది. "మనిషి సంగతి ఆఫీసువాళ్ళు చూస్తారండీ. చెవి పరీక్ష అదీ ఉంటుంది. నేను చెప్పి చూస్తాను."

తమ్ముడు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. అక్క అతని వైపు చూడలేదు. చూడకుండానే వీపు కనపడింది.

ఆమె ముందుగదిలోకి వెళ్ళి స్క్రూడ్రైవరు, స్పానరు తెచ్చింది. మోకాళ్ళు కలుక్కుమంటుండగా ఎడమ సీటు కిందికి దూరింది. నాలుగు బోల్టులు విప్పి, వైరు పీకి, మోటారుని పాత లంగా గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఇప్పుడు చూడమ్మా నీ పెట్టె," అంది.

టీచరమ్మ నిజంగానే స్టార్ట్ చేసి చూసింది. ముళ్ళు లేచాయి, దీపాలు వెలిగాయి, స్పీకర్లో హోరు వచ్చింది. సీటు మాత్రం కదలకుండా శవంలా ఉంది.

"మోటారు నాది. నా తమ్ముడు ఎక్కడుంటే అది అక్కడుంటుంది. వాణ్ణి తీసుకోవచ్చునంటే దీన్నీ తీసుకోవచ్చును. వాణ్ణి తీసుకుంటామంటే దీన్నీ తీసుకుంటారు. మాట ఏదో మీరే రాసుకోండి."

"అక్కా, ఊరుకో," అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఊరుకున్నావుగా అయిదేళ్ళు. చాల్లే."

టీచరమ్మ ఆ ప్లైవుడ్ మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత చెవి వెనక పెన్ను తీసింది. ఈ యంత్రం దీన్ని కట్టిన మనిషి లేకుండా పనిచేయదని, అతను చెవితో కాక చేత్తో ఇంజన్ని వింటాడని, అది తాను స్వయంగా చూశానని, రెంటినీ కలిపే తీసుకోవాలని రాసింది. సంతకం చేసింది. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

అక్క ఆ కాగితాన్ని ఆమె చేతే పైకి చదివించుకుంది. తర్వాత కెప్టెన్‌ని వంటగదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, అతని చేత విడిగా చదివించింది. రెండు చదువులూ ఒక్కటే అయ్యాక, తను కూర్చుని వేలు పెట్టుకుని కూడబలుక్కుంది. అప్పటికి టీచరమ్మ టీ చల్లారిపోయింది.

ఆఫీసువాళ్ళ జవాబు పన్నెండు రోజులకి వచ్చింది. ఈసారి 'వచ్చును' ఎక్కడా లేదు. అక్క కాగితాన్ని వెలుతురుకి పెట్టి వెనక వైపు కూడా చూసింది.

స్కూలువాళ్ళు బండి పంపారు గానీ, వాళ్ళ డ్రైవరు మలుపు ఎలా తిప్పుతాడో నమ్మకం లేదని అక్క అతన్ని పక్క సీట్లోకి జరిపించింది. స్టీరింగు దగ్గర కెప్టెన్ కూర్చున్నాడు. విడదీసి తాళ్ళతో కట్టిన విమానం ముక్కు వెనక ట్రాలీలో ఉంది. దాని పక్కనే తమ్ముడు, అరచెయ్యి ప్లైవుడ్ మీద వేసి నిలబడ్డాడు. లోపల వెనక సీట్లో అక్క, ఒళ్ళో లంగా గుడ్డలో మోటారు. దాన్ని అక్కడ దగ్గరుండి తనే బిగిస్తానంది. ఇతరులు బిగిస్తే బోల్టు మారుస్తారు.

కెప్టెన్ తాళం తిప్పాడు. తల నిటారుగా ఉంచి కళ్ళు పైకెత్తాడు. ఈసారి అక్కడ అద్దం ఉంది. అందులో అక్క కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

"నన్నేం చూస్తావు?" అంది. "ముందు చూసి నడుపు. చెయ్యి తియ్యకు."